రెండు ఊచల సందు

చౌరస్తా బాగుపడ్డ రోజు నుంచే మహేశ్వరికి భయం పట్టుకుంది.

యాకుత్‌పురా నుంచి సైదాబాద్ పోయే దారిలో ఆ చౌరస్తాను తొమ్మిది నెలలు తవ్వి, పూడ్చి, కొత్తగా కట్టారు. రోడ్డు వెడల్పయింది. సైకిళ్లకని అంచున పచ్చరంగు దారి గీశారు. రంగు ఆరకముందే అందులో అరటిపళ్ల బండ్లు నిలిచాయి. నడిచేవాళ్లకోసం సిగ్నల్ స్తంభానికి ఒక మీట పెట్టారు. నొక్కి నిలబడితే ఎప్పటికో పచ్చ మనిషి బొమ్మ వెలుగుతుంది. ఇక రోడ్డు నడుమ డివైడర్ పొడవునా మనిషెత్తు ఇనుప కంచె. ఇదివరకు బస్తీ జనం చెయ్యి అడ్డం పెట్టి నింపాదిగా దాటేవాళ్లు, బండ్లే పక్కకు తప్పుకునేవి. రోడ్డు నున్నబడ్డాక బండ్లకు ఆ ఓపిక పోయింది.

మహేశ్వరి ఇల్లు ఈ పక్క గల్లీలో. కూతురు స్వీటీ చదివే బడి సరిగ్గా ఎదురుగా, ఆ పక్క. సిగ్నల్ దాకా నడిచి, దాటి, మళ్లీ వెనక్కి రావాలంటే చంకలో చంటివాడితో పావుగంట. అందుకే గల్లీ ఆడవాళ్లను వెంటేసుకుని, మూలమీది వెల్డింగ్ షాపు సోమయ్య దగ్గరికి తనే పోయింది.

"రెండే రెండు ఊచలు కోసియ్యి సోమన్నా. మనిషి పట్టేంత సందు సాలు."

"సర్కారోళ్లు జూస్తే నన్ను కోస్తరు చెల్లె," అని నవ్వుతూనే కోశాడు సోమయ్య.

రెండో తరగతి స్వీటీకి అప్పటినుంచి ఒకటే పాఠం. "బడి ఇడవంగనే సక్కగ సందు కాడికి రా. చెయ్యి జూపిచ్చుకుంట రా. నేను ఆడనే నిలవడ్త." పిల్ల తల్లి మాట జవదాటేది కాదు. చెయ్యి చాపి సగం రోడ్డు దాటుతుంటే, సందులో నిలబడి మహేశ్వరి రెప్ప వేయకుండా చూసేది.

నెల తిరక్కుండానే ఆ సందు పెరగసాగింది. ఎవరు కోస్తున్నారో తెలియదు. ఒక తెల్లారి చూస్తే మూడో ఊచ లేదు. ఇంకో తెల్లారి అయిదోదీ లేదు. బైకులు దూరడం మొదలుపెట్టాయి. గురువారం ఒక బైకు పూలమ్మే రుక్మాబాయి పాదం మీదుగా పోయింది. నడిపేవాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

శుక్రవారం పొద్దున్నే సోమయ్య ముందు నిలబడింది.

"అన్నా, సందు మూసెయ్యి. ఇయ్యాల్నే."

"ఏంది చెల్లె, కోయమంటివి, కోసిన. ఇప్పుడు మూయమంటున్నవ్. గదేమన్న నీ ఇంటి తలుపా?"

"మజాక్ గాదన్నా. నా బిడ్డ పానం."

సోమయ్య నవ్వు ఆపాడు. "సరే తియ్. చేతుల పని అయినంక వస్త."

అతని చేతిలో ఉన్న గేటు పని తెమిలేసరికి మూడు దాటింది. చంటివాణ్ణి అత్త చంద్రమ్మకు అప్పగించి, మహేశ్వరి దగ్గరుండి ఒక్కొక్క ఊచా అతికించింది. ఆఖరిది అతికేసరికి నాలుగుకు అయిదు నిమిషాలు తక్కువ.

"ఇగ పిల్లి గూడ దూరది. ఫికర్ జెయ్యకు," అంటూ సోమయ్య తీగ చుట్టుకుని షాపుకు పోయాడు.

మహేశ్వరి గుండె తేలికపడింది. కూతురిని తీసుకురావడానికి గబగబా సిగ్నల్ దాకా నడిచి మీట నొక్కింది. ఎర్ర మనిషి అలాగే ఉన్నాడు. అంతలో ఆ పక్కన బడి గంట మోగింది.

అప్పుడు తట్టింది. సందు మూసిన సంగతి పిల్లకు చెప్పలేదు.

మళ్లీ నొక్కింది. మళ్లీ.

"ఎన్నిసార్లు ఒత్తినా గదే టైం బిడ్డా," అన్నాడు పక్కనున్న ముసలాయన.

దూరంగా బడి గేటులోంచి నీలం గౌను బయటికొచ్చింది. చెయ్యి చాపింది. ఒక ఆటో ఆగింది, ఒక స్కూటరు వంకర తిరిగి తప్పుకుంది. రోజూలాగే స్వీటీ డివైడర్ చేరింది.

మహేశ్వరి ఎర్ర మనిషిని చూడలేదు. బండ్ల నడుమ పడి, తిట్లు తింటూ, కంచె వెంబడి పరుగెత్తింది. అందుకునేసరికి ఆ పక్క జానెడు గట్టు మీద బిడ్డ, ఈ పక్క తను.

"మమ్మీ, సందేది?"

"ఎనకకు జూడకు. నన్నే జూడు బిడ్డా."

ఊచల్లోంచి రెండు చేతులూ పోనిచ్చి పిల్లను కంచెకేసి అదుముకుంది. అతుకు ఇంకా కాలుతోంది, మోచేయి చురుక్కుమంది. వదల్లేదు.

"సోమన్నా! కొయ్యన్నా! మల్ల కొయ్యి!"

షాపులోంచి సోమయ్య ఉరికొచ్చాడు. ఒక్క చూపులో అర్థమైంది. "కోసేవరకు శాన సేపైతది చెల్లె! బిడ్డను ఇడువకు, నేను సుట్టు తిరిగొస్త!" అంటూ సిగ్నల్ వైపు పరుగెత్తాడు.

బడి పక్క బండ్లకు పచ్చ పడింది. నీళ్ల ట్యాంకరు ముందుగా కదిలింది. దాని గాలికి స్వీటీ గౌను ఎగిరి ఊచలకు కొట్టుకుంది. ట్యాంకరు వెనక బస్సు. బస్సు వెనక, కనుచూపు మేరా బండ్లే. సోమయ్య ఇంకా సిగ్నల్ దగ్గరే, చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు. ఒక్కటీ ఆగడం లేదు.