బావి మీద కట్టిన సమాధి

సమాధి కడగడం మనోరమ ఇంటిపనుల్లో చేరి రెండేళ్లయింది. గురువారం పొద్దున వాకిలి ఊడ్చి, బర్రె పాలు పిండి, అత్తకు చాయ్ ఇచ్చాక, బకెట్టూ చీపురూ పట్టుకొని మొగుళ్లపల్లి రోడ్డు పక్కనున్న తన మెట్ట చెలకకు నడుస్తుంది. నల్లరాతి పలకల మీద పక్షుల రెట్టలు గీకి, నీళ్లు పోసి, భర్త వెంకట్రాం ఫోటోకు దండ మారుస్తుంది. ఒక వారం జ్వరమొచ్చి పోలేదు. ఆ సాయంత్రమే మరిది సుదర్శన్ వాకిట్లో నిలబడి, "వదినా, అన్న ఫోటో మీద రెట్ట ఎండిపోయి ఉన్నది. పోయేటోళ్లు ఏమనుకుంటరు? ఉన్నన్ని రోజులు గాయిన కష్టం తిన్నవు గద" అన్నాడు. ఆమె పదేళ్లు ఆ 'గాయిన' మనుషులకు వండి వార్చిన చేతుల వైపు చూసుకొని లోపలికి వెళ్లింది.

వెంకట్రాంను అందరూ కెప్టెన్ అనేవారు. జనగామలో చదువుకునేటప్పుడు కబడ్డీ జట్టుకు కెప్టెన్. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం బడులు మూతబడి పిల్లలంతా రోడ్డెక్కినప్పుడు ఆ జట్టు అతని వెనక నడిచింది. ఉద్యమం చల్లారాక మిగతా పిల్లలు బడికి పోయారు, ఆ జట్టు మాత్రం పోలేదు. దుకాణాలు బెదిరించి మూయించడం అప్పటికే నేర్చుకున్నారు, తెరుచుకోనివ్వడానికి మామూలు అడగడం తర్వాత నేర్చుకున్నారు. మనోరమతో పెళ్లినాటికి భూపాలపల్లి అడవుల టేకు దుంగలను మానుకోట దాటించే ముఠాకు అతనే నాయకుడు. సారా వేలంపాటలో అతను కూర్చుంటే ఇంకొకరు నోరెత్తేవారు కాదు. ఎత్తినవాళ్ల కాళ్లు విరిగేవి. ఇవన్నీ అతను చెప్పగా ఆమెకు తెలియలేదు, బట్టలు ఉతకగా తెలిశాయి. నెత్తుటి మరక వేడినీళ్లకు గట్టిపడుతుందనీ, ఉప్పేసిన చల్లనీళ్లలో నానబెట్టాలనీ చేస్తూ చేస్తూ నేర్చుకుంది. ఒకసారి ఎవరిదని అడిగితే "మేకది" అన్నాడు. అత్త వంటింటి గడపలోంచి, "మొగోళ్ల ముచ్చట్లు నీకెందుకే? కూర మాడుతున్నది చూసుకో" అంది.

ఊళ్లో బోరింగ్ దగ్గరికి పోతే ఆడవాళ్లు పక్కకు జరిగి ఆమెనే ముందు పట్టుకోనిచ్చేవారు, ఆమె బిందె ఎత్తుకొని వెళ్లేదాకా ఒక్కరూ మాట్లాడేవారు కాదు. గాజుల మనిషి ఆమె చెయ్యి పట్టుకోవడానికి జంకేవాడు. పిల్లలు పుట్టలేదు. తల్లిగారింటికి పోతానంటే, "కెప్టెన్ పెండ్లాం బస్సుల పోతదా? లారీ ఖాళీ అయితే పంపిస్త" అనేవాడు వెంకట్రాం. లారీ ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు.

ఎనభైలో ఎండాకాలం, దగ్గరి తండా నుంచి సోమ్లా అనే మనిషిని రాజీ మాట్లాడదామని పిలిపించారు. దుంగలు దాచిన చోటు అడవి గార్డుకు చెప్పాడని అతని మీద అనుమానం. మనోరమే విస్తరి వేసి అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు వడ్డించింది. "తొక్కు మంచిగున్నదమ్మా" అన్నాడు సోమ్లా. తిన్నాక అతన్ని జీపులో ఎక్కించుకొని పోయారు. మర్నాడు ఆమె చెలకలో ఎండిపోయిన బావి పూడుస్తున్నారనీ, ఎనిమిది మందికి సద్ది తెమ్మనీ కబురొచ్చింది. గంప నెత్తిన పెట్టుకొని పోయింది. బావి గట్టు మీద ఎర్ర రుమాలు పడి ఉంది, నిన్న సోమ్లా తలకు చుట్టుకున్నదే. సుదర్శన్ దాన్ని కాలితో లోపలికి తోసి, "అన్నం పెట్టు వదినా" అన్నాడు.

పెట్టింది.

వారం రోజులకు సోమ్లా భార్య మోతీబాయి వాకిట్లోకి వచ్చి, తన మొగడేడని అడిగింది. ఏం చెప్పాలో వెంకట్రాం ముందే చెప్పి పెట్టి, లోపల మంచం మీద కూర్చొని వింటున్నాడు. "తిని పోయిండు" అంది మనోరమ. ఆ తర్వాత ఏటా రెండు మూడుసార్లు మోతీబాయి వచ్చేది, అదే అడిగి, అదే జవాబు తీసుకొని పోయేది.

వెంకట్రాంను ఏ కత్తీ తాకలేదు. ఎనభై నాలుగులో కామెర్లు ముదిరి, వరంగల్ దవాఖానలో మంచం మీదనే పోయాడు. ఎక్కడ పూడ్చాలన్న మాట వచ్చినప్పుడు అన్నదమ్ముల పొలాల ఊసే రాలేదు. తల్లి ఆమెకు రాసిచ్చిన రెండెకరాల చెలకే సుదర్శన్ నోట వచ్చింది. "మీ అమ్మ ఇచ్చిన జాగైతేంది వదినా, నీ మొగడే గద" అన్నాడు. చోటు కూడా అతనే చూపించాడు, సరిగ్గా పూడ్చిన బావి మీద. కెప్టెన్ సమాధి కింద తవ్వే ధైర్యం ఎవరికుంటుంది? ఆమెకు అక్కడికక్కడే అర్థమైంది. అయినా, తన బొట్టు తుడవడానికి చేరిన ఆడవాళ్ల మధ్య కూర్చొని నోరు తెరవలేకపోయింది. అప్పటి నుంచి గురువారం గురువారం ఆమె కడుగుతున్నది ఇద్దరిని. ముఠాలోకి కొత్తగా వచ్చినవాళ్లతో సుదర్శన్ ఆ రాయి మీదే చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తాడు.

మొన్నటి గురువారం ఆమె పలకలు తుడుస్తుంటే మోతీబాయి వచ్చి చెలక గట్టున కూర్చుంది. జుట్టు తెల్లబడింది. ఈసారి ఏమీ అడగలేదు. చాలాసేపు చూసి, "మంచిగ కడుగుతున్నవమ్మా" అంది. "నీకు కడిగెతందుకు ఒక రాయి అన్న ఉన్నది. నా మొగడు సచ్చిండని ఎవ్వరు అంటలేరు, ఉన్నడని అంటలేరు. గీ గాజులు తియ్యాల్నో ఉంచుకోవాల్నో ఆరేండ్ల సంది నాకు తెలుస్తలేదు. బిడ్డ పెండ్లిల నన్ను ముందట కూసోనియ్యలేదు."

'తిని పోయిండు' అన్న మాట అలవాటుగా మనోరమ నోటిదాకా వచ్చింది. చీపురు కింద పెట్టింది.

"సోమ్లా ఈడనే ఉన్నడు, మోతీబాయీ."

"ఏడ?"

"దీని కింద. బావిల. గాళ్లు పూడుస్తుంటె సద్ది మోసింది నేనే."

మోతీబాయి ఏడవలేదు. లేచి వచ్చి, సమాధి పక్కన ఉత్త మట్టి మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. "నా మొఖం చూసుకుంటనే చెప్పినవు గద, ఆరేండ్లు" అంది చివరికి.

"చెప్పిన" అంది మనోరమ. క్షమించమని అడగలేదు. అడిగితే, క్షమించే పని కూడా మోతీబాయి నెత్తిన పెట్టినట్టవుతుంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ బస్సెక్కి తాసిల్దారు ఆఫీసుకు పోయారు. మనోరమ రాసిచ్చిన కాయితం చదువుతూ గుమాస్తా కెప్టెన్ పేరు దగ్గర ఆగిపోయాడు. "నీ మొగని సమాధి తవ్వుమని నువ్వే రాసిస్తున్నవా? మీ మరిదికి ఎరుకేనా?"

"ఎరుకైతది, సార్."

కిటికీ బయట సుదర్శన్ మనిషి ఒకడు సైకిలు ఆపి లోపలికి చూస్తున్నాడు. ఇక ఆ ఇంటికి పోలేనని ఆమెకు తెలుసు. ఎక్కడికి పోవాలో తెలియదు. గుమాస్తా గొంతు తగ్గించి, కలం మూత తీస్తూ అడిగాడు, "గీ సోమ్లా నీకేమైతడమ్మా?"

మనోరమ పక్కనున్న మోతీబాయి వైపు ఒకసారి చూసింది.

"నా చేతి అన్నం తిన్నడు, సార్. తిని పోయిండని అబద్ధమాడింది నేనే. ముందుగాల గది రాసుకోండి."