ఒక్క అక్షరం కురచ

నేను ఒక పాడు రేకునట. ఈ మాట నాది కాదు. పాలకేంద్రం దగ్గర దాలమ్మ అన్నదట. దాలమ్మకు వాళ్ల తోటికోడలు చెప్పిందట. తోటికోడలు ఎవరి దగ్గర విన్నదో ఆవిడే మరిచిపోయిందట. "ఆ రేకు నిలబెట్టిన కాడి నుంచి ఊరికి సెని పట్టినాది. దాని ఎనకాల దొరల బాసలో ఏదో రాసుంది. అది సేతబడే" అని.

చేతబడి కాదు దాలమ్మా. నా వీపు మీద ఉన్నది "బహుమతి, అమ్మరాదు" అన్న ముక్క. దాని కింద ఒక దేశం పేరు. నన్ను చూసి భయపడితే భయపడు గాని, కారణం మాత్రం సరిగ్గా తెలుసుకో. నీ భయానికి తగిన కారణం నా ముందువైపు ఉంది.

నేను సముద్రం అవతల ఒక దేశంలో పుట్టాను. పుట్టినప్పుడు డ్రమ్మును. నా కడుపులో పాలపొడి పోసి, మూత బిగించి, లారీ ఎక్కించి ఓడరేవుకు తోలారు. దారిలో ఒక ఏరు అడ్డం వచ్చింది. దాని మీద వంతెన ఉంది. లారీ తోలేవాడు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. వంతెన ఎక్కినా రాగం ఆపలేదు, దిగినా ఆపలేదు. కింద ఏరు ఉందని వాడికి తెలుసో లేదో కూడా అనుమానమే. ఆ వంతెన దగ్గర ఎవరి పేరూ లేదు, ఏ బోర్డూ లేదు. అప్పుడు నాకది వింతగా తోచలేదు. ఇక్కడికొచ్చాక తోచింది.

నన్ను నింపేటప్పుడు అక్కడివాళ్లు మీ దేశాన్ని "వెనుకబడిన దేశం" అనేవారు. కొన్నాళ్లకు ఆ మాట అనడానికి వాళ్లకే మొహమాటం వేసి "అభివృద్ధి చెందుతున్న దేశం" అన్నారు. పిలుపు మారింది. పాలపొడి అదే, అందులో పురుగులూ అవే.

నేను చేరిన ఊరు తోటగెడ్డవలస. గెడ్డ అంటే ఈ వైపు వాగు. అది ఊరికీ రోడ్డుకీ మధ్య పారుతుంది. ఎండాకాలం ఇసుక, వానాకాలం సముద్రం. బళ్లో పిల్లలు గ్లాసులు పట్టుకుని నా ముందు వరస కట్టి, గడ్డలు కట్టిన పాలు తాగి, ఇంటికెళ్లి వాంతులు చేసుకునేవారు. పొడి అయిపోయాక హెడ్మాస్టరు నన్ను ఇంటికి పట్టుకుపోయి బియ్యం పోసుకున్నాడు. తర్వాత వాళ్లావిడకు పురుడు పోసిన అసిరమ్మకు నన్ను ఇచ్చేశాడు. "అమ్మరాదు" అని రాసి ఉంది గదా, అమ్మలేదు. చదువుకున్నవాడు నియమం తప్పుతాడా!

ఊళ్లో కాన్పులన్నీ అసిరమ్మ చేతి మీదే. నన్ను పొయ్యి రాళ్ల మీదికెక్కించి, బాలింతలకూ పురిటి పిల్లలకూ నీళ్లు కాచేది. ఒళ్లంతా మసి పట్టినా నా బతుకులో అవే మంచి రోజులు. పిల్ల బయటపడగానే ఏడుపు ముందు నాకు వినిపించేది, ఆ తర్వాతే వీధికి. ఏడుపు రాకపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో కూడా నాకు తెలుసు. అసిరమ్మ పోయింది. నా అడుగు కాలిపోయింది. ఆవిడ కోడలు తవిటమ్మ నన్ను కోయించి, సాపు చేయించి, పెరట్లో తానాల దడికి తలుపుగా కట్టింది. దడి అంటే చుట్టూ తాటాకులు, పైన ఆకాశం. ఆ ఇంటి ఆడవాళ్ల మానానికి నేనే కాపలా. పాలపొడి మోసినదాని కంటే ఇది గౌరవమైన ఉద్యోగం.

ఆ ఉద్యోగమూ ఊడింది.

ఒక వేసవిలో పంచాయతీ కార్యదర్శి పరుగెత్తుకుంటూ వచ్చాడు. మర్నాడు విదేశీ అతిథి వస్తున్నాడట. వాళ్ల సంస్థ వెనుకబడిన ఊళ్లకు వాగుల మీద కాలివంతెనలు కట్టిస్తుందట. ఊరి మొగదల బోర్డు లేకపోతే మండలాధికారి ఊరుకోడట.

"తవిటమ్మా, నీ తలుపు ఓ నాలుగు రోజులు ఇయ్యి. కొత్త రేకు తెచ్చి నేనే కట్టిస్తాను."

"మరి మేం తానం ఎక్కడ సేస్తాం బాబూ?"

"చీర కట్టుకోండమ్మా అడ్డంగా. ఊరికి వంతెన వస్తుంటే నీ తలుపు గోలేమిటి?"

వంతెన అనేసరికి తవిటమ్మ మెత్తబడింది. కొడుకు విజయవాడలో సెంట్రింగు పనికి పోయాడు. కోడలు ఝాన్సీకి అయిదో నెల. నీళ్లాడేది వానల్లోనే. కాన్పు చేయడానికి అత్త అసిరమ్మ బతికిలేదు. ఆసుపత్రి గెడ్డకు అవతల. ఆవిడ లెక్క ఆవిడకుంది. తనే నా కట్లు విప్పి కార్యదర్శి చేతికిచ్చింది.

నిలువుగా ఉన్నదాన్ని అడ్డంగా పడుకోబెట్టి పెయింటరు జోగులు నాకు తెల్లరంగు పూశాడు. "అభివృద్ధి చెందుతున్న గ్రామం" అని రాయాలి. రోడ్డు మీదికి కనపడాలని కార్యదర్శి పోరితే, "అభివృద్ధి"ని పెళ్లికూతురిలా తీర్చాడు. దకారానికి ధ వత్తు, దానికి నీడ, నీడకు పసుపు అంచు. ఆ సింగారం పూర్తయ్యేసరికి నేను అయిపోయాను. "చెం" పెట్టి, అరచేత్తో మిగిలిన జాగా కొలిచి, జోగులు బీడీ వెలిగించాడు. "దుతున్న" పట్టదు. "దిన" అయితే పడుతుంది. పెట్టేశాడు. కింది వరసలో "గ్రామం" అని రాసి చేతులు కడుక్కున్నాడు.

కార్యదర్శి వచ్చి చూసి లబోదిబోమన్నాడు. "ఒరే జోగులూ, దేశమే ఇంకా చెందుతూ ఛస్తుంటే, నీ ఊరు చెందేసిందా?"

"రేకు సాల్నేదు బాబూ. ఇంకో రేకు తెప్పించండి, దేశాన్ని కూడా సెందించేస్తాను."

అప్పటికే పొద్దు వాలింది. మర్నాడు పొద్దున్నే కార్లు. ఎవరు చదువుతారులే అని కార్యదర్శి నన్ను ఊరివైపు గట్టున పాతించాడు. ఈ దేశంలో బోర్డులు చూడ్డానికే గాని చదవడానికి కావన్న ధైర్యం ఆయనది. కానీ వచ్చినవాడు వేరే దేశంవాడు. అక్కడ బోర్డు ఉంటే చదువుతారు.

కార్లు గెడ్డలో ఇసుక మీదుగానే వచ్చాయి. టైరు తడవలేదు. దిగిన దొర నోరు విప్పగానే నా ఒళ్లు జలదరించింది. అది నా పుట్టింటి భాష! నా చుట్టూ ఒకసారి తిరిగి, నా వీపు చూస్తే, ఆయన దేశం పేరు ఆయనకే కనిపించేది. చూడలేదు. నా ముందు నిలబడి, ఇందులో ఏముంది అని పక్కనున్న దుబాసీని అడిగాడు. దుబాసీ కుర్రాడు ఉన్నదున్నట్టు చెప్పాడు.

దొర కనుబొమలు ఎగరేశాడు. "నిజమేనా? ఈ ఊరు ఇప్పటికే అభివృద్ధి చెందిందా?"

అది పెయింటరు చేసిన పొరపాటు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే వంతెన వచ్చేది. ఆ ముక్క చెప్పవలసినవాడు మండలాధికారి. పైఅధికారులు పక్కనే ఉన్నారు. అవతల దొర మెచ్చుకోలుగా నవ్వుతున్నాడు. మండలాధికారి ఛాతీ ఉబ్బింది. "అవునండీ. దేశం ఇంకా దారిలోనే ఉంది గాని, మా మండలంలో ఈ ఊరు చేరిపోయింది" అన్నాడు.

వెనకనుంచి తవిటమ్మ గొంతు లేచింది. "బాబూ, ఓపాలి గెడ్డ సూపించండి బాబూ. వానలొస్తే..."

"నువ్వుండమ్మా" అన్నాడు కార్యదర్శి.

దొర అందరి చేతులూ ఊపి, అభినందనలు చెప్పి, కారెక్కాడు. ఆయన తప్పేమీ లేదు. చేరిపోయిన ఊరికి ఇంక వంతెన ఎందుకు? అది బోర్డులేని పక్క ఊరికి వెళ్లింది. వాళ్లకు రేకు దొరకలేదు, అదృష్టవంతులు.

ఈ సంగతి తెలిశాక ఊరు నా మీద పడింది. మండలాధికారి ఛాతీని ఎవరూ ఏమీ అనలేకపోయారు. జోగులు చేతికి చిక్కలేదు. నేనైతే గుంజలకు కట్టి ఉన్నాను. పేడ కొట్టారు, రాళ్లు రువ్వారు, తాగొచ్చినవాడు ఉచ్చ పోశాడు. కార్యదర్శి చెప్పిన నాలుగు రోజులూ వెళ్లిపోయాయి. కొత్త రేకు రాలేదు. తవిటమ్మ అడిగిన ప్రతిసారీ, "అది ఇప్పుడు ప్రభుత్వ బోర్డమ్మా, నేనెలా పీకుతాను?" అన్నాడు. ఒంటి మీదికి అక్షరాలు ఎక్కగానే నా యజమాని మారిపోవడం నాకూ అప్పుడే తెలిసింది.

వానలొచ్చాయి. గెడ్డ లేచింది. ఒక మధ్యాహ్నం ఝాన్సీకి నొప్పులెత్తాయి. ఫోను చేస్తే అంబులెన్సు వచ్చింది, అవతలి గట్టు దాకా. అక్కడ ఎర్రలైటు తిప్పుకుంటూ నిలబడింది. అంతకంటే అదేం చేస్తుంది? ఇవతల నులకమంచం మీద ఝాన్సీని పడుకోబెట్టి మగాళ్లు తలకెత్తుకున్నారు. ఆకాశం చిల్లిపడ్డట్టు కురుస్తోంది. అప్పుడు తవిటమ్మ నా వైపు వచ్చింది. గడ్డపార తెప్పించుకోలేదు. గుంజను తన్ని, నన్ను ఊడబెరికింది.

"మా అత్త నీల్లు కాసిన రేకు ఇది. కనీసం ఒల్లు తడవకుండా అడ్డమైనా ఉంతాది."

నన్ను ఝాన్సీ మీద కప్పారు. అలా గెడ్డ దాటాం. నీళ్లు మోసేవాళ్ల ఛాతీల దాకా వచ్చాయి. నడిమధ్యన ఒకడి కాలు జారి మంచం ఒరిగింది. మళ్లీ నిలబడింది. నా ముందువైపు ఆకాశంకేసి ఉంది. పైనుంచి దేవుడెవరైనా చూస్తే పసుపు అంచుతో సహా చదువుకునే ఉంటాడు, ఏటి మధ్యలో తలల మీద పోతున్నది అభివృద్ధి చెందిన గ్రామం అని. నా వీపు ఝాన్సీ ముఖం మీద ఉంది. ఆమె అరుపులన్నీ ఆ "బహుమతి" మీదే తగిలాయి.

బిడ్డ గట్టు చేరకముందే వచ్చేసింది. ఆడపిల్ల. నేను చెవి ఒగ్గి విన్నాను. అసిరమ్మ ఇంట్లో ఎన్ని గొంతులు విన్నాను! ఈ గొంతు రాలేదు.

ఝాన్సీని అంబులెన్సు ఎక్కించారు. ఆమె బతికింది.

గెడ్డలో వరద తీశాక తవిటమ్మ నన్ను తెచ్చి మళ్లీ దడికి కట్టింది. ఈసారి అక్షరాలు బయటికి ఉన్నాయి. కావాలని కట్టలేదు, కడుతున్నప్పుడు ఆవిడ అక్షరాలవైపు చూడనే లేదు.

మళ్లీ దొరలు వస్తున్నారట. ఈసారి అభివృద్ధి చెందిన ఊరు ఎలా ఉంటుందో చూసి, వాళ్ల దేశంలో చెప్పుకోవడానికట. మండలాధికారి, కార్యదర్శి, ఇద్దరు కానిస్టేబుళ్లు పెరట్లోకి వచ్చారు. ఇరుగుపొరుగంతా గోడలెక్కింది, దాలమ్మ అందరికంటే ముందు. దడి లోపల ఝాన్సీ తల మీద నీళ్లు పోసుకుంటోంది. బాలింత స్నానం, ఒళ్లో పిల్ల లేని బాలింత.

"ప్రభుత్వ బోర్డుని పీకడమే నేరం. పైగా స్నానాల గదికి తలుపు చేస్తావా? విప్పండ్రా దాన్ని" అన్నాడు మండలాధికారి.

తవిటమ్మ నా ముందు అడ్డంగా నిలబడింది. "లోన ఆడమనిసి ఉంది. ముట్టుకుంటే సెయ్యి ఇరిసేస్తాను."

కానిస్టేబుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మండలాధికారి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, జరిగినదానికి నాకూ బాధగానే ఉంది. కానీ నలుగురిలో ఊరి పరువు పోకూడదు. అభివృద్ధి చెందిన గ్రామం అని అందరికీ తెలియాలా, వద్దా?"

తవిటమ్మ నా వైపు తిరిగి, ఆ ఎర్రక్షరాల మీద అరచేయి ఆనించింది. ఆవిడ అన్న మాట చెప్పి నేను ఊరుకుంటాను.

"సెందినాది, సెందినాది అంతన్నారు. ఎవులికి సెందినాది బాబూ? ఈ రేకు నాకు సెందినాది. నా మనవరాలు గెడ్డకి సెందినాది. మిగిలినాది ఎవులికి సెందినాదో, మీరు సెప్పండి."