అయిలయ్య భుజం మీది మోకు

నేను ఒక మోకును. పట్నంలో పుట్టినవాళ్లకు నా పేరు కొత్త కావచ్చు, చెబుతాను వినండి. తాటిచెట్టునూ కల్లు గీసేవాడి నడుమునూ కలిపి చుట్టే తాడును నేను. చెట్టు కొసన మనిషి నాకు నడుము ఆనించి, వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలేసి గెల గీస్తాడు. అప్పుడతనికి పెళ్లాం లేదు, బిడ్డల్లేరు, దేవుడు కూడా కాస్త ఎడంగానే ఉంటాడు. ఉన్నదల్లా నేనే. కిందికి దిగగానే మేకుకు తగిలించి మరిచిపోతాడు. మనుషులు అంతేలెండి, తెగినప్పుడే తాడు గుర్తొస్తుంది.

నన్ను పేనింది ఇద్దరు అన్నదమ్ములు. ఒక కొస అయిలయ్య చేతిలో, రెండో కొస తమ్ముడు బిక్షపతి చేతిలో. ఒకడు ఇటు తిప్పితే ఒకడు అటు తిప్పాడు, అందుకే అంత బిగువు వచ్చింది నాకు. చెట్టుకు ఒరుసుకునే చోట అరిగిపోకుండా గేదె తోలు తొడిగారు. అయిలయ్య పెళ్లాం సుగుణమ్మ నాకు పసుపు పూసి, ఇంటి మనిషికి చెప్పినట్టే చెప్పింది: "మా ఆయనను పైలంగ దించు."

వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పరాయివాడు అందించిన మోకునైతే చెట్టు మొదట్లోనే కట్టుకుని, వెనక్కి వాలి, బరువంతా వేసి గుంజి చూస్తారు. ఇంటి మనిషి అందిస్తే మాత్రం కళ్లకద్దుకుని ఎక్కడమే. గుంజి చూస్తే, నీ మీద నమ్మకం లేదని మొహం మీద అన్నట్టే. పొద్దున్నే బిక్షపతి అందించేవాడు, అయిలయ్య ఎక్కేవాడు. వాళ్లను చూసి ఊరంతా ముచ్చటపడేది.

బిక్షపతికి తొందరెక్కువ. పలచబడిన కల్లు జనానికి ఎక్కాలని అందులో మత్తుమందు కలిపాడు. అది తాగిన కూలీ ఒకడు బావిగట్టు మీద నురగలు కక్కుకుని చచ్చిపోయాడు. కులంవాళ్లు కూర్చుని అడిగితే అయిలయ్య నేల చూస్తూ చెప్పాడు.

"కలిపింది మా తమ్ముడే."

నిజమే చెప్పాడు, తప్పనను. ఆ తరవాతిదే తప్పు. చచ్చినవాడి బంధువులు బిక్షపతిని జుట్టు పట్టి ఈడ్చుకెళ్లారు. చెట్టుకు కట్టడానికి తాడు కావలసివచ్చి అయిలయ్య భుజం మీది నన్ను లాగారు. ఆయన ఇచ్చాడా, వాళ్లు గుంజుకున్నారా అని ఊళ్లో చాలాకాలం వాదించుకున్నారు. నాకు తెలుసు. ఆయన ఇవ్వలేదు. భుజం బిగించనూ లేదు.

పేనిన చేతులనే కట్టాను ఆ రోజు. మట్టలతో కొట్టారు. తాటిమట్టకు రెండు పక్కలా రంపపు పళ్లుంటాయి, దెబ్బ దెబ్బకూ కండ లేచివచ్చింది. బిక్షపతి మొదట "అన్నా" అని అరిచాడు, తరవాత "అవ్వా" అని అరిచాడు, చివరికి ఏమీ అరవలేదు. అయిలయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ నెత్తురు నా నారలో ఇంకిపోయింది. సుగుణమ్మ ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా వదల్లేదు.

ఇంటికి తెచ్చాక సుగుణమ్మ మరిది గాయాలకు పసుపు పెట్టింది, ముద్దలు కలిపి తినిపించింది. అన్నదమ్ములు ఒకే వాకిట్లో తిరుగుతూ మాట్లాడుకోలేదు. బిక్షపతి మళ్లీ నడవగలిగాక, ఒక పొద్దున ఏమీ జరగనట్టే నన్ను తీసి అన్నకు అందించాడు. అయిలయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయిన తమ్ముడు తిరిగొచ్చాడనుకున్నాడు పాపం.

ఆ ముందురోజు మధ్యాహ్నం అన్న కునుకు తీస్తుంటే, అన్న కత్తితోనే, తోలు తొడుగు పక్కకు జరిపి నన్ను సగందాకా కోశాడు బిక్షపతి. తొడుగు మళ్లీ సర్దాడు. నాకు నోరు లేదు.

అయిలయ్య గుంజి చూడలేదు. చెట్టు కొసకెక్కి, గెల మీద కత్తి పెట్టి, వెనక్కి వాలాడు. మిగిలిన పోగులతో ఎంతసేపు పట్టుకోగలనో అంతసేపు పట్టుకున్నాను. తెగాను. ఆయన చెట్టును కావలించుకుని జారాడు. ఛాతీ తోలు మానుకు అంటుకుని పోయింది. చెయ్యి జారి రాళ్ల మీద పడ్డాడు. తుంటి విరిగింది, కాలి ఎముక బయటికి పొడుచుకొచ్చింది. అందరికంటే ముందు పరిగెత్తి ఎత్తుకున్నది బిక్షపతే. గుండెలు బాదుకుని ఏడ్చాడు. అది అబద్ధపు ఏడుపు కాదు, అదే విచిత్రం.

"మోకు మోసం చేసింది," అన్నారు ఊరివాళ్లు. ఆసుపత్రిలో అయిలయ్య కూడా అదే అన్నాడు. "తాడు పాతదైంది." ఆయనకు తెలుసు. తెలిసీ తమ్ముడి తప్పు నా నెత్తిన వేశాడు.

ఆయనను ఇంటికి తెచ్చి మంచాన వేశాక, నన్ను పొయ్యిలో పడేద్దామని సుగుణమ్మ తీసింది. తోలు కాలితే ఇల్లంతా కంపు కొడుతుందని తొడుగు ఊడదీసింది. సగం పోగులు పీచు పీచుగా ఉన్నాయి. మిగతా సగం, కత్తితో గడ్డం గీసినంత నున్నగా ఉన్నాయి. చాలాసేపు వేలితో తడిమింది.

వాకిట్లో బిక్షపతి ఆమె పెట్టిన అన్నమే తింటున్నాడు. పళ్లెం కాలితో తన్ని, నాతోనే కొట్టింది. వీపు మీద, మొహం మీద, పెదవి చిట్లి పన్ను రాలేదాకా. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు.

"నన్ను చెట్టుకు కట్టేసి కొడ్తుంటే నిలవడి చూసిండు వదినె."

"చూసిండు. చూసొచ్చి అన్నం ముట్టలే మూడొద్దులు. నువ్వు కోసి, నా చేతి బువ్వ తిన్నవ్."

చూరులోంచి కత్తి లాగి జుట్టు పట్టుకుంది. మెడ మీద కత్తి ఆనింది, నెత్తురు సన్నగా దిగింది. మంచంలోంచి అయిలయ్య పలికాడు.

"ఆపు. వాని పీక కోస్తే చెట్లెవడు గీస్తడే? నువ్వెక్కుతవా?"

"ఇంత జరిగినంక గూడ వాన్ని ఎనకేసుకొస్తవా?"

"ఎనకేసుకొస్తలేను. ఆ తాడు వాన్నే అతికియ్యమను. దాంతోనే వాడెక్కాలె. పొద్దుగాల నువ్వందియ్యి."

ఆమెకు అర్థమయ్యేసరికి చేతిలోని కత్తి కిందికి వాలింది. బిక్షపతికి అర్థమయ్యేసరికి మొహంలో నెత్తురు లేదు.

అతనే నన్ను అతికాడు. తెల్లారి సుగుణమ్మ అందించింది. ఇంటి మనిషి అందించిన మోకు. అతని బొటనవేలు తొడుగు దగ్గరికి పోయి, ఆగి, వెనక్కి వచ్చింది. కళ్లకద్దుకుని ఎక్కాడు. చెట్టు కొసన వెనక్కి వాలినప్పుడల్లా కిందికి చూసేవాడు. సుగుణమ్మ కొంగు నడుముకు చెక్కుకుని, తల పైకెత్తి నిలబడేది.

ఆమె కొయ్యలేదా అని మీరడుగుతారు. చాలా పొద్దులు కత్తి తీసి నా మీద పెట్టింది. మంచం మీద భర్త మూలుగు వినిపించేది, కత్తి పక్కన పెట్టేది. అలా ఏళ్లు గడిచాయి. బిక్షపతి తెచ్చిన కల్లుతోనే ఆ ఇల్లు నిలిచింది. అన్నను ఎత్తి వాకిట్లో ఎండకు కూర్చోబెట్టేదీ అతనే. మాటలు మాత్రం అంతంతే.

ఒక ఎండాకాలం అయిలయ్య పోయాడు. దినాలయ్యాక బిక్షపతి పొద్దున్నే వచ్చి, అలవాటుగా చెయ్యి చాపి నిలబడ్డాడు. సుగుణమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.

"నేనందిచ్చుడు అయిపోయింది బిక్షపతీ. ఆయన మాట ఆయనతోనే పోయింది. నీ మోకు నువ్వే తీసుకో."

"నువ్వే ఇయ్యి వదినె."

"ఎందుకు?"

అతను మేకు నుంచి నన్ను తీసుకున్నాడు. చెట్టు మొదట్లో కట్టుకుని, వెనక్కి వాలి గుంజి చూశాడు. తొడుగు తీసి పోగు పోగూ తడిమాడు. మళ్లీ కట్టి, మళ్లీ గుంజాడు. ఎండెక్కేదాకా అక్కడే ఉన్నాడు. నేను గట్టిగానే ఉన్నాను. పాదం మాత్రం నేల విడవలేదు.

పరాయివాడు అందించిన మోకునైతే గుంజి చూస్తారని ముందే చెప్పాను కదా.

అప్పటినుంచి ఈ మేకుకే ఉన్నాను. ఎలుకలు తోలు తొడుగు తినేశాయి. అతుకు మాత్రం ఇంకా ఊడలేదు.