ఎరుపులో పడ్డ ఖాళీ కొక్కెం

"ఎత్తక్కా," ఓబుళేశు గని అంచున నిలబడి చెయ్యి ఊపాడు.

క్రేను క్యాబిన్‌లో జ్ఞానమణి లివరు పట్టుకుంది. అరవై అడుగుల కింద, కట్టిన నాపరాళ్ల పక్కనే ఆమె మొగుడు యేసుప్రసాద్ నిలబడి ఉన్నాడు. పెద్దరాళ్లు పదిహేను, చిన్నవి పద్నాలుగు.

నిన్న కొత్త ఇంజనీరు నాగరాజ్ క్యాబిన్‌లో ఒక గ్రాఫు అంటించాడు. అడ్డంగా పెద్దరాళ్లు, నిలువుగా చిన్నవి, మధ్యలో వాలుగీత. గీతకు పైన పచ్చ, ఎత్తొచ్చు. కింద ఎరుపు, ఎత్తకూడదు. "లెక్క నీకెందుకమ్మా, రంగు చూసుకో," అన్నాడు.

పదిహేను, పద్నాలుగు. పచ్చలోనే ఉంది.

రోజూ మొదట ఖాళీ కొక్కెం ఎత్తి దించడం ఆ గని ఆనవాయితీ. లారీలు ఆగాయని నాగరాజ్ ఈ రోజు వద్దన్నాడు. అలవాటు కొద్దీ ఆమె వేలు గ్రాఫులో ఖాళీ కొక్కేనికి సరిపోయే సున్నా, సున్నా మూలకు పోయింది.

ఎరుపు.

లివరు వదిలేసింది.

"ఏమక్కా, నిద్రపోతాండావా?" ఓబుళేశు అరిచాడు.

నాగరాజ్ నిచ్చెనెక్కి వచ్చాడు. "పచ్చలోనే ఉండాది కదమ్మా. ఎత్తు."

"మీరే చూడండి సార్. రాయి ఒక్కటీ లేకుంటే ఎరుపంట, బరువెక్కితే పచ్చంట. ఖాళీ కొక్కేనికి యాడైనా తాడు తెగుతాదా?"

నాగరాజ్ నోట్‌బుక్కు తీశాడు. పెద్దరాయి వంద కిలోలు, చిన్నది యాభై, క్రేను మోసేది రెండు వేలు. రెండువైపులా మైనస్ యాభైతో భాగించిన చోట అతని పెన్ను ఆగింది. అక్కడ ఎక్కువ, తక్కువల గుర్తు తిరగబడాలి. అతను తిప్పలేదు. పచ్చ ఉండాల్సింది గీతకు కింద.

"రెండు వేల రెండు వందలు," అన్నాడు మెల్లగా. "రెండు వందలు ఎక్కువ. చిన్నవి నాలుగు తీస్తే సరిపోతుంది."

"సరిపోతే చాలదు సార్, ఆ కింద ఉండేది మా ఆయన. ఐదు తీయించండి."

"సరే."

"ముందు అందరూ పక్కకు పోవాల. ఖాళీ కొక్కెం ఎత్తినాకే రాళ్లు."

నాగరాజ్ గ్రాఫు చించి జేబులో పెట్టుకున్నాడు. కింద యేసుప్రసాద్ కొక్కెం నుంచి రాళ్ల తాడు విప్పి, తలెత్తి చూస్తూ పక్కకు నడిచాడు.

లారీలవాళ్లు హారన్లు కొడుతుండగా ఖాళీ కొక్కెం మెల్లగా పైకి లేచింది.