బేస్ కడుపులో వీధి

ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూనే పొరుగింటి ఒడెల్లా టోపీ తీసి బల్ల మీద పెడుతుంది. థాడియస్ ఇంటి ముందుగదిలో మూలకు ఆనించిన బేస్ దగ్గర కుర్చీ లాక్కుని, మనిషిని మించిన ఎత్తున్న ఆ తీగల వాద్యం పొట్ట మీది చిల్లుకు చెవి ఆనిస్తుంది.

లోపల హేస్టింగ్స్ వీధి ఉంది. రహదారి వేస్తామని డెట్రాయిట్‌లో ఆ వీధిని బుల్డోజర్లతో తొక్కించిన రోజు థాడియస్ ఈ బేస్ ఒక్కటే మోసుకుని బయటపడ్డాడు. వీధి అందులో కాపురం పెట్టింది. మంగలి షాపులో వాదులాటలు, పెనం మీద చేపలు వేగే చప్పుడు, పదిహేడేళ్లకే జ్వరమొచ్చి పోయిన ఒడెల్లా కొడుకు వెండెల్ ఈల. ఇరుగుపొరుగు వస్తారు, వింటారు, కాఫీ తాగి పోతారు.

"ఏమంటున్నాడక్కా వెండెల్?" అని ఒడెల్లాను అడుగుతారు.

"ఏమంటాడు! అదే ఈల. ఆ ఒక్క పాటే వచ్చు వెధవకి."

థాడియస్ బతుకంతా జాజ్ బృందాల్లో ఇంకొకరి వెనక నిలబడి వాయించాడు. బేస్ ఆగితే తప్ప అది మోగుతోందని ఎవడికీ తెలీదు. కిందటేడు ఆ వీధి మీదే నాలుగు భాగాల పాట కట్టి, ఈ గదిలోనే ఈ బేస్ మీదే రోజూ సాధన చేశాడు. అట్ట మీద అతని పేరే వేసి రికార్డు తెస్తామని ఒక కంపెనీ ఒప్పుకుంది.

ఆ చలికాలమే బేస్ జుమ్మని గొణగడం మొదలెట్టింది. వాద్యాలు బాగుచేసే కొర్నీలియస్ తట్టి చూశాడు.

"లోపల ఆనుచెక్క ఊడిందన్నా. పై పలక లేపాల్సిందే."

"లేపితే?"

"లోపలున్నది లోపల ఉండదు. వేరే బేస్ అరువు తెచ్చుకోరాదూ?"

"వీధి పాట వీధి లేని బేస్ మీద వాయించమంటావా?"

ఒడెల్లా చేతిసంచి పట్టీ మెలిపెడుతూ అంది: "లేపించెయ్ తమ్ముడూ. మావాణ్ణి ఎన్నాళ్లని పెట్టెలో దాచుకోను? అట్ట మీద నీ పేరు చూసి పోతాను."

థాడియస్ మండిపడ్డాడు. "ఒకసారి వాళ్లు కూల్చారు. రెండోసారి నన్నే కూల్చమంటావా? నా పేరు కోసమా? బూడిదలో పోనీ పేరు!"

రికార్డు వచ్చింది. థాడియస్ పాటను వాయించింది కంపెనీ తెచ్చిన ఇంకొకడు. అట్ట మీద ఆ వాయించినవాడి పేరే, వాడి బొమ్మే. థాడియస్ పేరు అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో పడింది. లోకం మెచ్చుకుంది. థాడియస్ ఆ రికార్డు ఒక్కసారి విని అటక మీదికి విసిరేశాడు. మళ్లీ తీగ ముట్టలేదు.

తర్వాతి ఆదివారం ఒడెల్లా చెవి ఆనించి కొయ్యబారిపోయింది.

"తమ్ముడూ, ఇది మావాడికి ఎవరు నేర్పారు?"

మోకాళ్లు కలుక్కుమంటుంటే థాడియస్ వంగి చెవి పెట్టాడు. వెండెల్ ఈల వేస్తున్నాడు. థాడియస్ కిందటేడు కట్టిన పాటలో నాలుగో భాగం, ఒక్క స్వరం తప్పకుండా. చేపల పెనం మీద ఎవరో గరిటెతో తాళం వేస్తున్నారు. ఊపిరి తీసుకోవడానికి వాడు ఆగగానే మంగలి షాపులోంచి ఒక గొంతు కసిరింది.

"ఆపావేంరా? థాడియస్ పాట మొదట్నించీ అందుకో!"