జలగలు పట్టని వేలు

సెలూన్‌లో కొత్త అద్దం బిగిస్తుండగా అది జారి పగిలింది. అన్నయ్య కుడిచేతి బొటనవేలు తెగిపోయింది. కత్తెర పట్టాలంటే ఆ వేలే ఆధారం. ఆసుపత్రిలో దాన్ని తిరిగి అతికించారు గాని, మర్నాటికి నేరేడు పండులా ఉబ్బింది.

“వేలికి రక్తం అందుతోంది, తిరిగి వచ్చే దారే లేదు,” అన్నాడు డాక్టరు. “కొత్త దారి ఏర్పడేదాకా జలగలు తాగాలి. వాటి ఎంగిలిలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది. జలగ ఊడిపోయాక కూడా చాలాసేపు కారుతుంది. కారనివ్వండి.”

నర్సు గాజుసీసా తెచ్చి, ఒక జలగను వేలి కొసన వదిలింది. అది పట్టుకుంది. వదిన మొహం తిప్పుకుంది.

“జలగలా పట్టుకున్నావని నన్ను ఆడిపోసుకునేవారుగా. ఇప్పుడు తెలిసిందా?”

“ఇది నయమే. తాగేటప్పుడు మాట్లాడదు,” అన్నాడు అన్నయ్య.

నర్సు కూడా నవ్వింది. సాయంత్రానికి నలుపు తగ్గి వేలు ఎర్రబడింది. అన్నయ్య దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“ఇంటికెళ్ళగానే మొదటి కటింగ్ నీకేరా. పాఠాలు చెప్పేవాడివి, చెవుల మీద ఆ జుట్టేంటి?”

మరుసటి రోజు పొద్దున బడికి వెళ్ళే ముందు చూడ్డానికి వెళ్ళాను. వదిన అప్పుడే ఇంటికి వెళ్ళిందట. నర్సు వదిలిన జలగ వేలిని తాకి, వెనక్కి ముడుచుకుంది. మరొకటి పెట్టింది. అదీ అంతే. వేలి రంగు మళ్ళీ మారుతోంది.

నర్సు వంగి వాసన చూసింది. “ఏం రాశారండీ దీనికి?”

అన్నయ్య వేలి వంక చూసుకున్నాడు.

“షాపులో లోషన్. మా ఆవిడ తెచ్చి తుడిచింది. ఎవరికి గాటు పడినా అదే రాస్తాం.”

“సెంటు వాసనకి జలగ పట్టదండీ!”

ఆమె ఉప్పునీళ్ళతో కడిగింది, మళ్ళీ కడిగింది. వాసన కుట్లలోకి ఇంకినట్టుంది. సూదితో గుచ్చి నెత్తురు చుక్క చూపినా చక్కెరని చూసి చీమలు పారిపోయినట్టు, జలగలు వింతగా తప్పుకున్నాయి. నేను బడికి వెళ్ళలేదు. పొద్దు వాలేసరికి ఒకటి పట్టింది. అప్పటికి వేలు చల్లబడిపోయింది. తీసేయాల్సిందేనన్నాడు డాక్టరు. లోషన్ రాయకపోతే బతికేదా అని అడిగాను. చెప్పలేమన్నాడు.

ఆపరేషన్ గదికి తీసుకువెళ్ళే ముందు అన్నయ్య ఎడమచేత్తో నా చొక్కా పట్టుకున్నాడు.

“మీ వదినకి లోషన్ సంగతి చెప్పకు. జలగలే మొండికేశాయని చెప్పు.”

అలాగే చెప్పాను.

అన్నయ్య ఇల్లు చేరాక, మాసిన గడ్డంతో బాగా లేడని వదిన నన్ను పిలిపించింది. సెలూన్ కుర్చీలో కూర్చోబెట్టి, చేతనైనట్టు గీశాను. గోడ మీద అద్దం ఉండాల్సిన చోట నాలుగు మేకులున్నాయి.

“ఒరేయ్, గడ్డం గీయమంటే బోర్డు తుడుస్తున్నావేంట్రా,” అన్నాడు. దవడ దగ్గర చిన్న గాటు పడింది.

“పాపిష్టి జలగలు,” అంటూ వదిన అరలోంచి లోషన్ సీసా తీసింది. “ఆ పొద్దున అంత శుభ్రంగా తుడిచి పెట్టానే. వాటికేం రోగం?”

నేను అన్నయ్య వైపు చూశాను. అతను కళ్ళు మూసుకుని, ఆమె చేతికి చెంప అందించాడు.