ఓడ తిరిగే చోటు

నా భార్య దాలమ్మ పద్నాలుగేళ్లపాటు తన అన్నను ఒకటే ప్రశ్న అడిగింది.

"అన్నియ్యా, అంతలావు ఓడ ఆ కాలవ సందులోకి దూరితే, మరి ఎలగ తిరుగుతాది?"

కూర్మయ్య విశాఖపట్నం హార్బరులో సరుకు మోసే కలాసీ. పెళ్లికో పేరంటానికో మా ఊరొస్తే ఓడల గురించి గొప్పలు చెప్పేవాడు. ఈ ప్రశ్నకు మాత్రం, "సెప్తే తెల్దే సెల్లీ. రా, సూపిస్తాను" అనేవాడు. అంతే.

కిందటి శ్రావణంలో ఆమెను విశాఖపట్నం ఆసుపత్రిలో చేర్చాను. హార్బరు అక్కడికి దగ్గరే. పదకొండు రోజులు ఉంది. కూర్మయ్య ఒక్కసారి వచ్చాడు. "లేసి తిరుగు, ఓడలన్నీ సూపిస్తాను" అని రెండు బత్తాయిలు పెట్టి వెళ్లాడు. ఆమె లేవలేదు.

మాఘమాసంలో, నూర్పులయ్యాక, గజపతినగరంలో రైలెక్కి కూర్మయ్య ఇంటికి వెళ్లాను.

"ఏటి బావా, సెప్పా పెట్టకుండా?"

"హార్బరు సూపించు."

నవ్వాడు. నేను నవ్వలేదు.

"సెల్లి పోయి ఆర్నెల్లే గదా. ఇప్పుడేటి సోద్యం?"

"దానికి సూపిస్తానన్నవి నాకు సూపించు. పద."

చూపించాడు. ఓడలొచ్చే కాలువ పక్కన మూడు కొండలు. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. మూడింటికీ దణ్ణం పెట్టాడు. రేవులో ఓడ ఉంది గాని మాకు కనబడింది దాని డొక్క ఒక్కటే. గోడలా ఉంది.

"ఇదెలగ తిరుగుతాది?"

"ఇక్కణ్ణించి అవుపడదు. పైనించి సూడాల."

"అయితే ఎక్కుదాం."

"ఏడాది తిరక్కుండా కొండెక్కకూడదు బావా. నీకు తెల్దా?"

"దేవుడి కొండ ఎక్కకూడదు." కాలువ అవతల యారాడ కొండ, దానిమీద లైట్‌హౌస్. "దాని మీద ఏ దేవుడున్నాడు?"

"దీపముంది."

"దీపానికి మైలేటి? పద."

పడవలో కాలువ దాటాం. కొండ ఎక్కుతూ కూర్మయ్య నాలుగుచోట్ల కూలబడ్డాడు. "మాంగనీసు తట్టలు మోసిన కాళ్లు బావా" అన్నాడు. నేను ఆగలేదు.

లైట్‌హౌస్ కాపలాదారు అసిరయ్య మమ్మల్ని పైకి తీసుకెళ్లాడు. హార్బరంతా కళ్లముందు పరుచుకుంది. కూర్మయ్య కమ్మీ పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"మా జెట్టీ ఏది?"

అసిరయ్య వేలు పెట్టి చూపించి, పకపకా నవ్వాడు. "రోజూ పనిసేసే సోటు నీకే తెల్దా బావూ?"

అప్పుడు తెలిసింది. కూర్మయ్య ఈ కొండ ఎన్నడూ ఎక్కలేదు. ఓడ తిరగడం చూడనూ లేదు.

"ఓడ కదిలే ఏలకి మమ్మల్ని మాంగనీసు గుట్టకాడికి తోలేస్తారు బావా."

"ఆ మాటే దానికి సెప్పలేకపోయావా?"

"నాకు తెల్దని సెల్లెలితో ఎలగంటాను?" నావైపు తిరిగాడు. "నువ్వెందుకు దాన్ని తేలేదు? పొద్దున్న రైలెక్కితే మజ్జాన్నానికి దిగుతావు గదా."

ఉడుపులు, కోతలు, నూర్పులు. నా దగ్గర జవాబులున్నాయి. ఓడవైపు తిరిగాను.

పోదామన్నాడు. ఓడ కదిలేదాకా కదలనన్నాను.

పొద్దు వాలుతుండగా కదిలింది. రెండు చిన్న పడవలు వచ్చాయి. ఒకటి ముక్కు పట్టి లాగింది. ఒకటి తోకను తోసింది. ఓడ ఉన్నచోటే తిరిగింది. ఇరుకు గట్టు మీద బండి తిప్పేటప్పుడు ఒకరు ఎద్దులను పట్టుకుంటే, ఇంకొకరు వెనక భుజం పెట్టి జరిపినట్టు. నా బండి వెనక భుజం పెట్టింది ఎప్పుడూ దాలమ్మే. ఈ ఓడ సంగతి ఆమెకు ఒక్కమాటలో తెలిసిపోయేది.

"సెప్పు" అన్నాను.

"ఎవులికి?"

"అడిగింది ఎవులు?"

కూర్మయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను లాగేశాను.

"రెండు సిన్న పడవలు తిప్పుతాయే సెల్లీ" అన్నాడు. "నాకూ ఇప్పుడే తెలిసింది."

నేను మెట్లు దిగాను.

"ఈ పూటకి ఉండిపో బావా" అన్నాడు వెనకనుంచి.

ఉండలేదు.